ఆ సెట్టింగ్స్ తీసెయ్యి నాన్నా, తర్వాత ఫోన్ చెయ్యి

చిన్నా,

ఎలా ఉన్నావు నాన్నా. ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నా, సగం చదివి పక్కన పెట్టకు. ఇక్కడ అందరం బావున్నాం. ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించేస్తున్నా. అమ్మ ఆవకాయ పెట్టేసింది, నీ జాడీ వేరేగా తీసి ఉంచింది, అందులో వెల్లుల్లి ఎక్కువేసిందంట. నాయనమ్మ కంటి ఆపరేషన్ బాగానే అయింది కానీ చుక్కల మందు వేయించుకోదు, రోజూ గొడవే.

మొన్న వాసు వచ్చాడు. మాటల మధ్యలో నీ సిస్టం ఉన్నట్టుండి ఆగిపోతోందని, నువ్వు ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేశావని, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువలో నడుపుతున్నావని చెప్పాడు. నేను అడగలేదు, వాడే చెప్పాడు, వాణ్ణి ఏమీ అనకు.

పెద్దత్త వాళ్ళ గృహప్రవేశం వచ్చే నెల. టికెట్ ఇప్పుడే చేసుకో, ఆఖరి రోజు బస్సులో నిలబడి రావద్దు.

అవునూ, ప్రాసెసర్‌లో అన్ని కోర్లకీ 4.3 గిగాహెర్ట్జ్ స్పీడ్ పెట్టి వోల్టేజ్ 1.4 ఇచ్చావంట నిజమేనా? నీది రైజెన్ 5 3600, మామూలు స్పీడ్ 3.6, పని పడితే దానంతట అదే 4.2 దాకా వెళ్తుంది. నువ్వు చేత్తో పెంచి సంపాదించింది ఏమంత ఉందిరా? వేడి మాత్రం వోల్టేజ్ స్క్వేర్ లెక్కన పెరుగుతుంది, 1.2 నుంచి 1.4కి పోతే స్పీడ్ ముట్టుకోకపోయినా మూడో వంతు పైనే ఎక్కువ. బాక్సులో వచ్చిన ఆ చిన్న ఫ్యాన్ 65 వాట్ల చిప్‌కి ఇచ్చింది, నువ్వేమో రేకుల గదిలో, మే నెలలో! రాత్రిళ్ళు నిద్రన్నా పడుతోందా నీకు? కూలర్ కొనుక్కోమని డబ్బులేస్తే అవి ఏం చేశావో అడగను.

నేను సుబ్బారావు బాబాయ్ షాపులో పని నేర్చుకునే రోజుల్లో సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్ వచ్చింది, 1998లో రిలీజయింది అది. దాని బస్సు, అంటే ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్య దారి స్పీడ్, 66 మెగాహెర్ట్జ్‌ని 100 చేస్తే 300 కాస్తా 450 అయిపోయేది, కుర్రాళ్ళందరికీ అదే పిచ్చి. పెళ్ళి కార్డులు వేసే ఒకాయన పట్టుబట్టి చేయించుకున్నాడు, బాబాయ్ వద్దంటే ఇంకో చోట చేయించుకున్నాడు. చలికాలమంతా గుర్రంలా పరిగెత్తింది. ఎండలు ముదిరాక, సరిగ్గా ముహూర్తాల సీజన్లో, కార్డులు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకోవడం మానేశాయి. మిషన్ ఆగిపోయేది కాదు, అదే అసలు ప్రమాదం, నడుస్తూనే తప్పు రాసేది. జిప్ చేసినవి తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్ చెడిందని, కాపీ చేసినవి సగం చెత్త. వైరస్ అన్నారు, హార్డ్ డిస్క్ అన్నారు, కొత్త డిస్క్ కూడా కొనిపించారు పాపం. ఆఖరికి బాబాయ్ దగ్గరికి తెస్తే ఆయన బయాస్‌లోకి, అదే బోర్డు సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బస్సు స్పీడ్ 66కి దించాడు, అంతే, మర్నాటి నుంచి ఒక్క ఎర్రర్ లేదు. కానీ అప్పటికే పాడైన ఫైళ్ళు రాలేదు, మళ్ళీ మొత్తం కంపోజ్ చేయించుకున్నాడాయన, ఎవరో పెళ్ళివాళ్ళు షాపు ముందే తిట్టిపోశారు. చిప్ వేడెక్కితే అదే స్పీడ్‌కి ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి, జనవరిలో నిలబడింది మేలో నిలబడదు. నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కూడా ఆ సిస్టంలోనే ఉంది కదా.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. కానీ ఇది చెయ్యి. ముందు ప్రాజెక్ట్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, వేరే సిస్టంలో తెరిచి చూడు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకో, డిఫాల్ట్స్, అంటే కంపెనీ సెట్టింగ్స్ వేశాక అడిగినా అడుగుతుంది. ఓవర్‌క్లాక్ చేసే రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో కూడా రీసెట్ కొట్టు. తర్వాత రీస్టార్ట్ చేసి డిలీట్ నొక్కుతూ ఉండు, బయాస్ రాగానే డిఫాల్ట్స్‌కి ఎఫ్5, అవును అను, సేవ్ చెయ్యడానికి ఎఫ్10. నీది ఆసుస్ బోర్డు కాబట్టి ఎఫ్5, మీ ఫ్రెండ్ గిగాబైట్ బోర్డుకి ఎఫ్7, అది చూసి నొక్కకు. ర్యామ్ స్పీడ్ కూడా పడిపోతుంది, కంగారు పడకు, ఓ వారం అలాగే వాడి అంతా బావుంటే ర్యామ్‌ని దాని అసలు స్పీడ్‌కి తెచ్చే డీఓసీపీ ఒక్కటే ఆన్ చేసుకో. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ లేవకపోతే దానికి కావలసిన ఎస్‌వీఎం సెట్టింగ్ ఆఫ్ అయిందని అర్థం, బయాస్‌లో అది ఆన్ చెయ్యి. అసలు డిస్‌ప్లేనే రాకపోతే ప్లగ్ పీకేసి, బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే బ్యాటరీ పది నిమిషాలు తీసి పెట్టు. ప్లగ్ పీకకుండా చెయ్యి పెట్టొద్దు. మళ్ళీ వేశాక డేటు, టైము సరిచూసుకో.

ఇదంతా అయ్యాక కూడా ఆగిపోతుంటే అది ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పేస్ట్ ఎండిపోయుండాలి, లేదా కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పోయుండాలి. సిస్టం తీసుకొచ్చెయ్, గృహప్రవేశానికి ఎలాగూ వస్తావుగా, ఒక పూట పని. ప్రాజెక్ట్ ఇప్పటికే పోయుంటే అదైనా చెప్పు నాన్నా, నేనేం అనను, అమ్మకి చెప్పను. ఫోన్ ఎత్తకపోవడం దానికేనేమోనని రెండు రోజులుగా అదే ఆలోచన.

ఆర్టీసీ కార్గోలో జాడీ, కందిపొడి, చిన్న టేబుల్ ఫ్యాన్ పంపిస్తున్నా. ఫ్యాన్ నీకు, సీపీయూకి కాదు. జాడీ మూతకి గుడ్డ కట్టాం, పడుకోబెట్టి తీసుకురావద్దు. రేపు రాత్రి అన్నం తిన్నాక ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా మెలకువగానే ఉంటా.

నాన్న