మనసుకు ఒక చిన్న పని

తిరుపతి

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. పొద్దున షటిల్ ఆడేటప్పుడూ, రాత్రి కథ రాయడానికి కూర్చున్నప్పుడూ మనసు ఒక్కచోట నిలవడం లేదనీ, నిలవమని ఎంత గట్టిగా చెప్పుకుంటే అంత వేగంగా పరుగెడుతున్నదనీ రాశావు. ఈ సంగతి నాకూ ఎంతో ఇష్టమైనది గనుక కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదువు.

మనసును ఖాళీ చేయాలన్న ప్రయత్నాన్ని ముందు మానుకోమని నా సలహా. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి, కొందరు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలపాటు ఆలోచించవద్దని కోరి, ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. తరువాత ఆలోచించవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ ఆ స్వేచ్ఛ ఉన్నవారికంటే వీరికే ఎలుగుబంటి ఎక్కువగా గుర్తుకు వచ్చింది. నాకు ఇంకా ముఖ్యమనిపించినది ఆ పరిశోధనలోని రెండో భాగం: ఎలుగుబంటి తలపుకు వస్తే దానికి బదులు ఒక ఎర్ర ఫోక్స్‌వ్యాగన్ కారును తలచుకోమని చెప్పినవారిలో ఆ బెడద తగ్గింది. ఏడ్చే పిల్లవాడిని గద్దిస్తే ఏడుపు పెరుగుతుంది, చేతికి గిన్నె, గరిటె ఇస్తే తనంతట తానే సద్దుమణుగుతాడు. మనసు సంగతీ అంతేనని నా నమ్మకం.

వీలు చిక్కినప్పుడల్లా నేను శ్రీకాళహస్తి వెళ్లి ఒక కలంకారీ గురువుగారి దగ్గర కూర్చుంటున్న విషయం నీకు తెలుసు గదా. కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఎండబెట్టిన నూలుబట్ట మీద, చింతపుల్లల బొగ్గుతో ముందుగా లేత గీతలు వేస్తారు. ఆపైన బెల్లమూ తుప్పు పట్టిన ఇనుమూ కలిపి రోజుల తరబడి నీళ్లలో పులియబెట్టి తీసిన కసిమి అనే ఇనుపనీటిలో కలం ముంచుతారు. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్లే. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను వేళ్లతో నొక్కే కొద్దీ నలుపు మొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే చుక్క రాలుతుంది, తక్కువ నొక్కితే గీత మధ్యలో తెగుతుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద ఇనుపనీరు పడితే నల్లబడి అలాగే ఉండిపోతుంది, చెరపడం కుదరదు. ఇంత జాగ్రత్త కావలసిన పని చేస్తూ కూడా గురువుగారు బయటి బస్సు హారన్లను గానీ, పక్క గదిలో చీర బేరమాడేవారి మాటలను గానీ విసుక్కోరు. నేను దగ్గరగా కూర్చొని చూశాను: ఆయన చూపు కలం మొన కంటే కొద్దిగా ముందు, ఇంకా నలుపు ఎక్కని బొగ్గుగీత మీద ఉంటుంది. నొక్కే వేళ్లను ఆయన చూడనే చూడరు.

ఆటల్లోనూ ఇదే కనిపించింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్, బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వేసేవారి కంటిచూపును కొలిచి 1996లో ప్రచురించింది. ఆరితేరిన ఆటగాళ్లు బంతి వదలడానికి ముందే రింగు మీద ఒకచోట చూపు నిలిపి, ఇతరులకంటే ఎక్కువసేపు కదలనీయలేదు. 2002లో సియాన్ బైలాక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ప్రచురించిన, కాలితో బంతిని నడిపించే ఫుట్‌బాల్ పరీక్ష దీనికి తోడుగా నిలుస్తుంది. అనుభవజ్ఞులు తమ అలవాటైన పాదంలోని ఏ వైపు బంతికి తగులుతున్నదో గమనిస్తూ ఆడితే వారి వేగం తగ్గింది. కొత్తవారికి మాత్రం అలా గమనించడమే మేలు చేసింది. కాబట్టి నేర్చుకునే రోజుల్లో చేతిని గమనించవలసిందే, చేయి నేర్చిన తరువాత మాత్రం దాని పని దానికి వదిలేయాలి. నీ బ్యాక్‌హ్యాండ్ సర్వీసు ఏళ్ల నాటిది. మణికట్టు ఎలా తిరుగుతున్నదని తరచి చూడకు. షటిల్ కార్కు మీద ఒక చుక్కను ఎంచుకుని దానినే చూడు.

2008 ఆగస్టులో బీజింగు ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ పోటీలో అభినవ్ బింద్రా చివరి గుండు పేల్చే ముందు, ఫిన్లాండ్ షూటర్‌తో సమానమైన పాయింట్లతో ఉన్నాడు. పది మీటర్ల దూరంలో ఉన్న లక్ష్యం నడిమధ్య, పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. అతడు 10.8 కొట్టాడు, మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం దక్కింది. ఆ క్షణాన అంతటి భారం మీద పడినా చేయవలసిన పని ఎంత చిన్నదో చూడు! ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఊపిరి మీద ధ్యాస పెట్టమని నీకు చాలామంది చెప్పే ఉంటారు. ఆట మొదలయ్యే ముందు అది మంచిదే, ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుంది. ర్యాలీ నడుస్తుండగా మాత్రం కార్కే నీకు గతి.

కథకు రింగూ లేదు, కార్కూ లేదు గనుక అక్కడ కష్టం ఎక్కువ. ఫోను వేరే గదిలో పెట్టడం గురించి నేను చెప్పనక్కరలేదు. కూర్చోగానే బుర్రలో తిరిగే ఇంటి లెక్కలూ ఆఫీసు గొడవలూ ఒక చిత్తుకాగితం మీద రాసి పక్కన పెట్టు. ఆ తరువాత కథంతటినీ ఒక్కసారిగా తలకెత్తుకోకుండా, అందులోని ఒకే వస్తువును పట్టుకో. చిత్తూరు బస్టాండులో కొడుకు కోసం ఎదురుచూసే ఆ పెద్దావిడ గురించి రాస్తున్నానన్నావు. ఆమె ఒడిలోని సంచి ఏ రంగుది, దాని పిడి ఎక్కడ తెగితే ఎక్కడ ముడి వేసింది, లోపల ఏముంది? ఆ ముడి నీ కంటికి స్పష్టంగా కనిపించేదాకా ముందుకు పోవద్దు. ఆలోచన పక్కకు జారితే నిన్ను నువ్వు తిట్టుకోకు, మళ్లీ ఆ ముడి దగ్గరికే రా. పదిసార్లు జారినా పదిసార్లూ రా.

వచ్చే ఆదివారం వీలైతే పొద్దున్నే బస్సెక్కు. ఇద్దరం కలిసి శ్రీకాళహస్తి వెళదాం, గురువుగారిని అడిగి నీకూ ఒక బట్టముక్క ఇప్పిస్తాను. రాకెట్టు కూడా తెచ్చుకుంటే సాయంత్రం తిరుపతిలో ఆడుకోవచ్చు. అమ్మగారికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు