పాలసీ అమ్మేటప్పుడు ఎవరూ రాలేదు, నష్టం జరిగినాక అన్నీ అడుగుతున్నారు: నా రెండు క్లెయిముల మీద ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి, కాపీ అనంతపురం బ్రాంచి మేనేజర్ గారికి

సార్, నమస్కారం. క్లెయిం నంబర్లు రెండూ సబ్జెక్టులో పెట్టినా. ఫోన్లో ఇప్పటికి పదిసార్లు చెప్పినా, ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతాడు, మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వస్తుంది, అందుకే అంతా ఒకేసారి రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

అనంతపురంలో బళ్ళారి రోడ్డు వైపు మాకు చెనక్కాయలు (వేరుశనగ) కొట్టే మిషన్ ఉంది. సొంతంగా కాయలు కొని కొట్టి విత్తనాలు (పప్పు) అమ్ముతాం, రైతులు తెచ్చిన కాయలు కూలికి కొట్టి ఇస్తాం. పనిచేసేది ఎనిమిది మంది. పది మంది లేరు కాబట్టి ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) కిందకి రాము, ఎవరికైనా దెబ్బ తగిలితే చట్టం ప్రకారం భరించాల్సింది నేనే. ఆ సంగతి తెలిసే షెడ్డుకీ సరుకుకీ ఒక పాలసీ, పనోళ్ళకి ఇంకో పాలసీ మీ దగ్గరే తీసుకున్నా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూల్లోకి వచ్చినప్పుడు మా మేనమామ అంగడి మునిగిపోయింది, ఆయనకి ఇన్సూరెన్స్ లేదు, మళ్ళీ నిలదొక్కుకునేదానికి ఏళ్ళు పట్టింది. తర్వాత 2022 అక్టోబరులో మన ఊళ్ళోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగినాయి, అది కళ్ళారా చూసి ఇంగ ఆలస్యం చేయకూడదని తీసుకున్నా. పేరుకి బ్యాంకు లోన్ కోసమే అయినా నేను తీసుకున్నది మాత్రం భయంతోనే సార్.

ఈ సంవత్సరం, అంటే 2025 మే రెండో వారంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మే నెల గాలి మా వైపు ఎట్ల ఉంటుందో మీకు తెలుసు, వాన కంటే ముందు గాలి వస్తుంది. షెడ్డు పైన ఒకవైపు రేకులు మొత్తం లేచిపోయినాయి, కింద బస్తాల మీద గంటన్నర సేపు వాన పడింది. పట్ట కప్పుదామని పైకెక్కిన పనివాడి మీదికి ఇంకో రేకు జారింది, ఎడమ చేతి రెండు వేళ్ళు తెగిపోయినాయి. వాన్లోనే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయినాం. వేళ్ళు అతికించేదానికి కాలేదు. వయసు 35, ఇద్దరు చిన్నపిల్లలు.

మరుసటి రోజు పొద్దున 9 గంటలకే మీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసినా, మెయిల్ పెట్టినా, ఫోటోలు పంపినా. అప్పుడు ఫోన్లో మీ మనిషి చెప్పిన మాట ఏమంటే, నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసేదాకా ఒక్క బస్తా కూడా కదిలించొద్దు, కదిలిస్తే క్లెయిం పోతుంది అని. నేను నమ్మినా. సర్వేయర్ వచ్చింది ఎప్పుడో తెలుసా సార్, తొమ్మిదో రోజు. నష్టం తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకోవాలి, రిపోర్టు వచ్చిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి అని 2024లో బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది.

తడిసిన చెనక్కాయ సంగతి తెలియని వాళ్ళు ఈ లెటర్ చదువుతుంటే వాళ్ళకోసం రాస్తా. తడిసిన రోజే బస్తాలు విప్పి కళ్ళంలో పల్చగా ఆరబోస్తే సగం పైన సరుకు బతికించుకోవచ్చు. బస్తాలోనే వదిలేస్తే లోపల వేడి పుడుతుంది, రెండో రోజుకి వాసన, నాలుగో రోజుకి బూజు. ఆ బూజు వల్లే అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, అది వచ్చిన విత్తనాన్ని తినేదానికి ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. నా కళ్ళ ముందే తొమ్మిది రోజులు బస్తాలు ఉడికిపోయినాయి, చెయ్యి పెడితే వేడిగా తగిలేది, మా అమ్మ రోజూ వచ్చి చూసి విప్పండ్రా అని అరుస్తుంటే మేము మీ మాటకి కట్టుబడి కూర్చున్నాం. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత పాలసీదారుడిదే అని మీ పాలసీ కండిషన్లలోనే రాసి ఉంది, నేను ఆ పని చేస్తానంటే వద్దన్నది మీరు.

ఇప్పుడు లెక్కకి వస్తా. నాది భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష పాలసీ, 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న యూనిట్లకి 2021 ఏప్రిల్ నుంచి వచ్చింది. సరుకుకి 25 లక్షలు ఇన్సూర్ చేసినా. ఆ రోజు గోడౌన్‌లో నా సొంత సరుకు 28 లక్షలది, రైతుల సరుకు 7 లక్షలది, ఈ లెక్క మీ సర్వేయరే వేసినాడు. తడిసి పాడైపోయిన నా సొంత సరుకు విలువ 14 లక్షలు, ఇది కూడా ఆయన ఒప్పుకున్నదే. ఆ పాడైన సరుకుని అమ్ముకుంటే 4 లక్షల 20 వేలు వస్తుందని అది తీసేసి నష్టం 9 లక్షల 80 వేలు అన్నాడు. ఆపైన గోడౌన్‌లో మొత్తం 35 లక్షల సరుకు ఉంటే నువ్వు 25కే చేసినావు కాబట్టి ఆ నిష్పత్తిలోనే ఇస్తాం అని 7 లక్షలకి దించినాడు.

ఇందులో మొదటి తప్పు సార్. రైతుల సరుకు పాడైందానికి డబ్బు అడిగితే, అది మీ సొంతం కాదు, పాలసీలో రాయలేదు, రాదు అన్నారు. సరే, ఒప్పుకున్నా, ఆ రైతులకి నేనే ఎట్లనో సర్దుకుంటున్నా. మరి నష్టం ఇచ్చేటప్పుడు పాలసీలో లేని సరుకు, కోత పెట్టేటప్పుడు పాలసీలోకి ఎట్ల వచ్చింది? ఆ 7 లక్షలు తీసేస్తే నా సరుకు 28, ఇన్సూర్ చేసింది 25, తక్కువైంది 3 లక్షలు, అంటే 11 శాతం కూడా లేదు. ఈ పాలసీలో 15 శాతం దాకా తక్కువున్నా కోత పెట్టకూడదు అని మీ బాండ్ పేపర్‌లోనే ఉంది. ఒకే సరుకుని మీకు అక్కర ఉన్న చోట లెక్కలో చూపించి, నాకు అక్కర ఉన్న చోట తీసేస్తే అది లెక్క కాదు.

రెండోది, 4 లక్షల 20 వేలు ఎవరిస్తారు? సర్వేయర్ ఆ రేటుకి కొనే మనిషిని చూపించలేదు, నేనే తిరిగి సబ్బు నూనె తీసే వాళ్ళకి అమ్మితే 2 లక్షల 10 వేలు వచ్చింది, బిల్లు పంపినా, బ్యాంకులో పడిన ఎంట్రీ పంపినా. 14 లక్షల్లో అది తీసేస్తే నష్టం 11 లక్షల 90 వేలు, దాంట్లో పాలసీలో ఉన్న ఎక్సెస్ (నేను భరించాల్సిన వాటా) పోను మిగిలింది ఇవ్వాలి. షెడ్డు రేకుల లెక్క వేరే ఉంది, దాని మీద ఇంతవరకు ఒక్క మాట లేదు.

ఇప్పుడు పనివాడి సంగతి, నాకు దీని గురించే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. వాడి పేరు మీ దగ్గరున్న లిస్టులో లేదని, పాలసీలో అయిదుగురే అని క్లెయిం పక్కన పెట్టినారు. ఫారం నింపింది మీ ఏజెంటు. ఎంతమంది అంటే ఎనిమిది అని చెప్పినా, ప్రీమియం తక్కువ పడుతుందనో ఏమో అయిదు రాసుకున్నాడు, ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టింది నా తప్పు, అది ఒప్పుకుంటా. కానీ ఫారం వేరేవాళ్ళు నింపితే ఇదంతా వివరించి చెప్పినాం అని రాయాల్సిన చోటు మీ ఫారం చివర్లోనే ఉంది, ఆ చోటు ఖాళీగా ఉంది, జిరాక్స్ జతచేస్తున్నా. మస్టర్‌లో వాడి పేరు ఫిబ్రవరి నుంచి ఉంది, కూలి ఇచ్చిన సంతకాలు ఉన్నాయి, రెండుసార్లు పంపినా. తక్కువైన ముగ్గురి కూలి లెక్కకి ప్రీమియం ఎంతో చెప్పండి, ఈరోజే కడతా.

చట్టం ప్రకారం వాడికి రావాల్సింది ఎంతో కూడా రాస్తా. ప్రమాదం జరిగినప్పుడు అమల్లో ఉన్నది ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం, 1923ది, అందులో ఒక చేతి రెండు వేళ్ళు పోతే 20 శాతం అని షెడ్యూల్‌లో ఉంది. లెక్కకి తీసుకునే నెల జీతం 15 వేలకి మించకూడదు, వాడికి అంతే వస్తుంది. 35 ఏళ్ళ వయసుకి చట్టంలో ఇచ్చిన ఫ్యాక్టర్, అంటే గుణించాల్సిన అంకె, 197.06. జీతంలో 60 శాతం అంటే 9 వేలు, దాన్ని ఫ్యాక్టర్‌తో గుణిస్తే 17 లక్షల 73 వేల 540, అందులో 20 శాతం 3 లక్షల 54 వేల 708 రూపాయలు. ఇది నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, కారణం లేకుండా ఆలస్యం చేసినారని తేలితే సగం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు, పెనాల్టీ మా పాలసీలో రాదు అని మీరే అంటారు. అంటే మీరు ఆలస్యం చేసేకొద్దీ అది నా నెత్తిన పడుతుంది. ఆస్పత్రి ఖర్చు 86 వేలు నేనే కట్టినా, వైద్యం ఖర్చుకి వేరే కవర్ తీసుకోవచ్చని నాకు ఇప్పుడే తెలిసింది. ఆ రోజు చెప్పుంటే తీసుకోకుండా ఉంటానా సార్? వాడు ఇప్పుడు మిల్లు దగ్గరికి వచ్చి ఊరికే కూర్చుని పోతాడు, ఏ పనైనా చెప్పన్నా అంటాడు, బస్తా పట్టుకోలేడు.

నాకు బాగా కష్టంగా అనిపించేది ఇదే. మూడేళ్ళు ప్రీమియం కట్టినా, ఒక్క మనిషి కూడా మా షెడ్డు దగ్గరికి రాలేదు. వచ్చుంటే ఒక్క పూటలో తెలిసిపోయేది, రైతుల సరుకు ఉంటుందని, మార్చి నుంచి మే దాకా సరుకు ఎక్కువుంటుందని, ఎనిమిది మంది పనిచేస్తారని. ఏజెంటుని అడిగితే బ్యాంకు లిమిట్ ఎంతో అంతకి చేస్తే చాలన్నా అన్నాడు. అదే మీరు నష్టం జరిగినాక మూడేళ్ళ జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాతావరణ రిపోర్టు, ఆఖరికి ఫైర్ స్టేషన్ సర్టిఫికెట్ కూడా అడిగినారు, అక్కడ మంట లేదు సార్, వాన పడింది. కాగితాలన్నీ పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలి, కాగితాలు లేవని క్లెయిం తోసేయకూడదు అని ఆ 2024 సర్క్యులర్‌లోనే ఉంది.

పోయిన నెల ఒక డిశ్చార్జ్ వోచర్ పంపినారు, 7 లక్షలకి పూర్తిగా ఒప్పుకున్నట్టు సంతకం పెడితే డబ్బు వేస్తాం అని. నేను పెట్టను. ఆ 7 లక్షలు మీరు ఒప్పుకున్నదే కాబట్టి అది ఇప్పుడు వేసేయండి, మిగతాది తేలాల్సి ఉందని రాసి సంతకం పెడతా.

సర్వేయర్ రిపోర్టు కాపీ నాకు ఇంతవరకు ఇవ్వలేదు, అది పంపండి. కోత లెక్క మళ్ళీ వేయండి, రైతుల సరుకు తీసేసి. పనివాడి క్లెయిం తెరవండి. ఈ లెటర్ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా ఇదే మాట అయితే, హైదరాబాదులో బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి పోతా, మాది సూక్ష్మ పరిశ్రమ, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉంది, 50 లక్షల దాకా వాళ్ళు వింటారు. బీమా భరోసా పోర్టల్‌లో ఇప్పటికే పెట్టినా.

రెండు పాలసీలూ తొందర్లోనే రెన్యూవల్ ఉన్నాయి. ఈసారి డబ్బు కట్టే ముందు మీ మనిషిని షెడ్డు దగ్గరికి పంపండి. నేను బస్తాల కింద చెక్కపట్టీలు వేసినా, ప్రతి శనివారం స్టాక్ ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకుంటున్నా, రిజిస్టర్ ఇంకో కాపీ ఇంట్లో ఉంచినా. అవన్నీ చూసి, రైతుల సరుకు, పనోళ్ళ లెక్క, సీజన్ సరుకు, వైద్యం ఖర్చు అన్నీ తెలుగులో రాసి ఇవ్వండి, చదివి సంతకం పెడతా.

అక్టోబరులో కొత్త కాయ వస్తుంది సార్. షెడ్డు మీద ఇప్పటికీ ఒకవైపు పట్టే కట్టి ఉంది, ఆ లోపల రేకులు వేయించాలి.

ఇట్లు,
మీ పాలసీదారుడు, అనంతపురం