ఆరు నెలల కోర్సుతో ఎవరూ నర్సు కారు

సంపాదకులు గారికి,

అయ్యా, ఆరు నెలల విదేశీ నర్సింగ్ కోర్సుల మీద మీ జిల్లా అనుబంధంలో కథనం వచ్చి పది రోజులైంది. ఎవరైనా తప్పు దిద్దుతూ రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. ఈలోగా నల్లగొండ బస్టాండు చుట్టూ ఉన్న కన్సల్టెన్సీలు ఆ కథనాన్నే కత్తిరించి గోడలకు అంటించుకున్నాయి. అందుకే రాయక తప్పలేదు.

ఇంటర్ పాసైతే చాలు, ఆరు నెలల్లో బ్రిటన్‌లో నర్సు కావచ్చని రాశారు. బ్రిటన్‌లో ఆరు నెలల లోపు కోర్సుకు పోయేవాళ్లు మామూలుగా విజిటర్ వీసా మీద పోతారు. ఆ వీసాతో ఒక్క రోజు కూడా జీతానికి పని చేయకూడదు. ఆరు నుంచి పదకొండు నెలల షార్ట్ టర్మ్ స్టడీ వీసా ఉన్న మాట నిజమే గాని, అది ఇంగ్లిష్ భాష నేర్చుకునేవాళ్లకే. దాని మీదా పని చేయనివ్వరు, గడువూ పెంచరు. కోర్సయ్యాక కేర్ వర్కర్ (ముసలివాళ్లను, రోగులను చూసుకునే సహాయకుల) వీసాకు మారవచ్చన్న మాటకైతే కాలం చెల్లింది. కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకుపోవడం 2024 మార్చి 11తో ఆగిపోయింది. బయటి దేశాల నుంచి కొత్తవాళ్లను ఆ వీసా మీద తీసుకోవడం 2025 జూలై 22తో మూతపడింది. అచ్చు వేసే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్ ఒక్కసారి తెరిచి చూసేవాళ్లే మీ దగ్గర లేకపోయారా?

పొట్టి కోర్సులు లేవని కాదు. అమెరికాలో నర్సింగ్ అసిస్టెంటు శిక్షణకు కేంద్ర చట్టం పెట్టిన కనీసం 75 గంటలే. ఆస్ట్రేలియాలో సర్టిఫికెట్ త్రీ ఇన్ ఇండివిడ్యువల్ సపోర్ట్ చేస్తే కనీసం 120 గంటలు కేర్ హోమ్ వంటి చోట పని నేర్చుకోవాలి. జపాన్‌కు కేర్ గివర్‌గా పోవాలంటే ఎన్4 స్థాయి (కింది నుంచి రెండో మెట్టు) జపనీస్, దానితో పాటు కేర్ పని మీద వేరే పరీక్షలు పాసవ్వాలి. ఇవన్నీ ముసలివాళ్లకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం నేర్పే కోర్సులు. గౌరవంగా బతికే పనే. కానీ అది నర్సు రిజిస్ట్రేషన్ కాదు, ఎన్నేళ్లు చేసినా కాదు. దాన్ని నర్సింగ్ అని చెప్పి అమ్మడమే అన్యాయం.

నర్సు కావాలంటే మామూలు దారి ఇది: జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు గానీ బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు గానీ ఇక్కడ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావడం. లేదా జర్మనీలో మూడేళ్ల ఆస్‌బిల్డుంగ్ (ఆసుపత్రిలో పని చేస్తూ చదివే శిక్షణ) చేయడం. అందులో స్టైపెండే నెలకు వెయ్యి యూరోలు దాటుతుంది. అయితే కనీసం బీ1 స్థాయి (మధ్యస్థ మెట్టు) జర్మన్ రావాలి, చాలా ఆసుపత్రులు దానికి పై మెట్టు బీ2 అడుగుతాయి. సున్నా నుంచి అక్కడికి చేరడానికి ఏడాది కూర్చుని చదవాలి. మూడు నెలల్లో బీ2 అని బోర్డు పెట్టిన చోట ఫీజు కట్టొద్దు.

విదేశీ పొట్టి కోర్సు నిజంగా అక్కరకొచ్చేది ఇప్పటికే రిజిస్టరైన నర్సులకే. ఐర్లాండ్‌లో ఆరు నుంచి పన్నెండు వారాల అడాప్టేషన్ (ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద పని చేసే శిక్షణ) ఉంటుంది, అది వద్దనుకుంటే యాప్టిట్యూడ్ టెస్ట్ రాయొచ్చు. న్యూజిలాండ్‌లో ఉండిన క్యాప్ కోర్సు (విదేశీ నర్సుల సామర్థ్యం చూసే కోర్సు) పోయి పరీక్షలు వచ్చాయి. ఇంకా క్యాప్ సీటు పేరుతో అడ్వాన్సు అడిగేవాళ్లను నమ్మకండి. బ్రిటన్‌కైతే కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాసి, పది స్టేషన్ల ఓస్కీ (పనులు చేసి చూపించే పరీక్ష) అక్కడికి వెళ్లి ఇవ్వాలి. ఓస్కీ ఫీజు 794 పౌండ్లు. మనవాళ్లు అక్కడ తప్పేది చదువు రాక కాదు. చేతులు కడుక్కోవడం, రోగి పేరూ పుట్టిన తేదీ అడగడం, అలర్జీ ఉందా అని చూడడం మరిచి తప్పుతున్నారు. వార్డుల్లో రోజూ ఆ అలవాటు చేయించకపోతే పరీక్ష రోజు ఎక్కడినుంచి వస్తుంది?

ఆ మాటకొస్తే తప్పు ఇక్కడే మొదలవుతోంది. శిక్షణకు ఆసుపత్రిలో ఒక విద్యార్థినికి మూడు పడకలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. తనిఖీ రోజు నిండిన పడకలు మర్నాటికి ఖాళీ అయ్యే కాలేజీల సంగతి అధికారులకు తెలియంది కాదు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కాలేజీ ఇచ్చే చదువు వివరాల పత్రంలో) మానసిక వైద్యం, పిల్లల వార్డు, ప్రసూతి విభాగం అంటూ గంటలు విడివిడిగా రాయకపోతే, జర్మనీవాళ్లు మన చదువును వాళ్ల చదువుతో పోల్చి లోటు చూపిస్తారు. అప్పుడు నెలల తరబడి అదనపు శిక్షణో, నాలెడ్జ్ టెస్టో తప్పదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో పెళ్లయ్యాక ఇంకోలా ఉంటే ఫైలు ముందుకు కదలదు. ఈ లోపల రెండేళ్ల గడువున్న ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు కూడా మురిగిపోతుంది. పేర్లు ముందే సరిచేసుకోవాలని మూడేళ్లలో ఒక్క కాలేజీలోనైనా చెప్తున్నారా?

ఇంకో మాట. విదేశీ ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు ఎమిగ్రేషన్ చట్టం, 1983 కింద లైసెన్సు ఉండాలి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఈ కన్సల్టెన్సీలవాళ్లు దాన్ని ఉద్యోగం అనకుండా కోర్సు అంటున్నది అందుకే. కోర్సంటే లైసెన్సు లేదు, ఫీజుకు హద్దూ లేదు. దేవరకొండ, మునుగోడు పల్లెల్లో తల్లిదండ్రులు ఎకరమో అరెకరమో అమ్మి, మిత్తికి తెచ్చి లక్షలు కడుతుంటే జిల్లా అధికారులు ఫ్లెక్సీల కింద నుంచే కార్లలో పోతున్నారు. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉందని, ఏజెంటు లైసెన్సును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చని నర్సింగ్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆ కథనానికి సవరణ వేయండి, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో. కోర్సుతో పాటు ఉద్యోగం గ్యారంటీ అని ప్రకటన తెచ్చినవాళ్లను మీ కౌంటర్‌లో లైసెన్సు నంబరు అడగండి. చూపించకపోతే ఆ ప్రకటన తీసుకోవద్దు.

ఇట్లు,
విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
నల్లగొండ