గీత గీయకముందే మా ఊరికి రండి

తమిళనాడు గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం.

నేను చెన్నై రెడ్‌హిల్స్‌లో కాపురం ఉంటున్న తెలుగువాణ్ణి. మా పెద్దల ఊరు తిరువళ్ళూరు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న ఊత్తుకోట తాలూకాలో ఉంది. మా చిన్నాన్న, ఆయన పిల్లలు ఇప్పటికీ అక్కడ సేద్యం చేస్తున్నారు. ఈ లేఖ తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. గుమ్మిడిపూండి, ఊత్తుకోట వైపు చాలా ఊళ్ళలో ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే కాబట్టి, ఈ సంగతి వాళ్ళకూ తెలియాలని తెలుగులో బహిరంగంగా రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. పెరిగిన చెన్నై మహానగర ప్రాంతానికి భూ వినియోగ ప్రణాళిక వేసేటప్పుడు, ముసాయిదా గెజిట్‌కు ఎక్కకముందే ఊళ్ళకు రండి. పటంలో ఏ సర్వే నంబరుకు ఏ రంగు వేస్తున్నారో, అంటే దాన్ని నివాసానికా, వ్యవసాయానికా, పరిశ్రమలకా కేటాయిస్తున్నారో చదివి వినిపించండి. ఊరు చెప్పింది రాసుకోండి. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా కారణం రాసి జవాబివ్వండి.

2022 అక్టోబరులో ప్రభుత్వం మహానగర ప్రాంతాన్ని 1189 చదరపు కిలోమీటర్ల నుంచి 5904 చదరపు కిలోమీటర్లకు పెంచింది. అంటే దాదాపు అయిదు రెట్లు. తిరువళ్ళూరు, కాంచీపురం, చెంగల్పట్టు, రాణిపేట జిల్లాల పల్లెలు ఒక్క ఉత్తర్వుతో మహానగరంలోకి వచ్చేశాయి. 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన రెండో మాస్టర్ ప్లాన్ పాత 1189 చదరపు కిలోమీటర్లకు, 2026 వరకు చూసి రాసుకున్నది. దాని తర్వాత వచ్చేది ఏదైనా, మా వైపు రైతుల్లో చాలామందికి అదే మొదటి మాస్టర్ ప్లాన్ అవుతుంది. పట్టా అంటే వాళ్ళకు తెలుసు, చిట్టా, అడంగల్ లాంటి భూమి రికార్డులు తెలుసు. తమ పొలం మీద ఇంకెవరో ఒక రంగు వేస్తారని, ఆ రంగుకు పట్టా కన్నా బలం ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఆ బలం చిన్నది కాదు. పక్కపక్కనే ఉన్న రెండు చేలలో ఒకటి నివాస ప్రాంతమైతే దాని ధర ఆకాశానికి పోతుంది. రెండోది వ్యవసాయ ప్రాంతంగా ఉండిపోతే కూతురి పెళ్ళికి అమ్ముకుందామన్నా సగం రేటు పలకదు. రెడ్‌హిల్స్ చెరువు పరీవాహక ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుసు. నీళ్ళు కాపాడాలి కాబట్టి అక్కడ కట్టడాలకు ఆంక్షలున్నాయి. ఉండాల్సిందే, మనం తాగే నీళ్ళవి. కానీ ఊరందరి కోసం ఒకరి భూమికి కట్టు వేస్తున్నప్పుడు, ఆ మాట ఆ మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పడం కనీస మర్యాద. ఇక రంగు పడకముందే అమ్మేసే వాళ్ళున్నారు. వేయబోయే రోడ్డు గీత ఊరికి కనిపించే నాటికి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన బ్రోకర్లకు అది ఎప్పుడో కనిపించి ఉంటుంది. ముసాయిదా గుట్టుగా తయారైనన్నాళ్ళూ లాభపడేది వాళ్ళే. నన్ను అన్నిటికన్నా బాధపెడుతున్నది ఇదే.

చట్టం ఏం చెబుతోందో చూడండి. 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం 26వ సెక్షన్ ప్రకారం, ముసాయిదా ప్రచురణకు ప్రభుత్వం సమ్మతించాక గెజిట్‌లోనూ పత్రికల్లోనూ ప్రకటన వేయాలి. అభ్యంతరాలు రాసి పంపడానికి రెండు నెలలకు తగ్గకుండా గడువివ్వాలి. తమ వాదన వినమని కోరినవాళ్ళకు ఆ అవకాశమూ ఇవ్వాలి. కాగితం మీద ఇది బాగానే ఉంది. అయితే భారమంతా రైతు మీదే పడింది. ఆ రోజు ఆ పత్రిక అతని కంటబడాలి. చెన్నై ఎళుంబూరు (ఎగ్మోర్)లోని మహానగర అభివృద్ధి సంస్థ కార్యాలయం దాకా వెళ్ళో, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునో పటం తెరవాలి. అందులో తన చేను పోల్చుకోవాలి. తర్వాత అర్జీ రాయించుకోవాలి. నాట్లు వేస్తున్నవాడికి, గొర్రెలు కాసేవాడికి, రోజు కూలికి పోయే మనిషికి రెండు నెలల్లో ఇదంతా అయ్యే పనేనా?

ఒక ఊరి పక్కన పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే పద్ధతి వేరు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం చాలా రకాల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సభ ప్రాజెక్టు స్థలంలోనో దాని దగ్గర్లోనో జరగాలి. కలెక్టరో, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధో కూర్చోవాలి. వీడియో తీయాలి. జనం చెప్పింది రాసి, అక్కడికక్కడే వాళ్ళ భాషలో చదివి వినిపించాలి. ఆ సభలన్నీ సజావుగా జరుగుతున్నాయని నేననను. కానీ రూలంటూ ఒకటుంది, దాన్ని పట్టుకుని జనం కోర్టుకైనా వెళ్ళగలుగుతున్నారు. ఒక్క ఫ్యాక్టరీకే ఇంత ఉన్నప్పుడు, వందల ఊళ్ళలో ఎక్కడ ఫ్యాక్టరీలు రావచ్చో, ఎక్కడ ఇళ్ళు కట్టకూడదో ఇరవై ఏళ్ళకు సరిపడా తేల్చేసే ప్రణాళికకు ఊళ్ళో సభ ఎందుకు ఉండకూడదు?

నీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. చెన్నై తాగే నీళ్ళకూ మా వైపు ఊళ్ళకూ విడదీయలేని సంబంధం ఉంది. ఆంధ్రతో కుదిరిన 1983 ఒప్పందం ప్రకారం వచ్చే కృష్ణా నీళ్ళు కండలేరు జలాశయం నుంచి కాలువలో వచ్చి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడతాయి, అక్కణ్ణుంచి పూండి జలాశయానికి చేరతాయి. 2020లో ప్రారంభమైన కన్నన్‌కోట, తేర్వాయ్ కండిగై జలాశయం రెండు ఊరి చెరువులను కలిపి కట్టినదే. అరణియార్ ఆంధ్రలో పుట్టి, పిచ్చాటూరు దాటి, ఊత్తుకోట మీదుగా పులికాట్ సరస్సులో కలుస్తుంది. పైన గేట్లు ఎత్తితే కింద ఏ వీధిలోకి నీళ్ళొస్తాయో మా వాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చెరువు నిండి కలుజు పారితే ఆ నీళ్ళు ఏ వాగు పట్టుకుని కింది చెరువుకు పోతాయో, 2015 డిసెంబరులో ఏ చేలలో ఎన్నాళ్ళు నిలిచాయో, 2023లో మిచాంగ్ తుపానుకు ఏ గట్టు తెగిందో చెప్పే ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పటంలో చెరువు నీలి రంగులో కనిపిస్తుంది. చెరువుకూ చెరువుకూ మధ్య మూడు నెలలు పారి తొమ్మిది నెలలు ఎండిపోయే కాలువ ఉపగ్రహ చిత్రంలో ఆనదు. దాని మీద లేఅవుటు పడితే కింది ఊరు మునుగుతుంది, పై చెరువు ఉన్నా ఆయకట్టుకు నీళ్ళుండవు. నగరం దక్షిణాన పల్లికరణై చిత్తడినేల కట్టడాలతో ఎలా కుంచించుకుపోయిందో చెన్నై అంతా చూసింది. ఆ పటాన్ని దిద్దగల మనుషులు ఊళ్ళో రచ్చబండ మీద కూర్చుని ఉన్నారు. అధికారులు అక్కడికి వెళ్ళి పటం పరచడమే తరువాయి.

పట్టా లేనివాళ్ళను కూడా పిలవండి. కౌలు రైతుకు సర్వే నంబరు లేదు. మేత పోరంబోకులో పశువులు మేపుకునేవాడికి లేదు. పులికాట్‌లో వేటకు వెళ్ళే జాలరికి సరస్సు మీద కాగితమే ఉండదు. తేర్వాయ్ కండిగైలో మేత భూమిలో పారిశ్రామికవాడ వద్దని ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. అలాంటి నేల ప్రభుత్వ పటంలో ఖాళీ స్థలం లాగే ఉంటుంది. అది ఖాళీ కాదని చెప్పాల్సినవాళ్ళ పేరు ఏ రికార్డులోనూ ఉండదు.

సభలకు కొత్త ఏర్పాట్లేవీ అక్కర్లేదు, గ్రామసభ ఉంది. మన రాష్ట్రంలో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీల్లో ఏటా ఆరుసార్లు గ్రామసభ జరుగుతుంది. ముసాయిదాను దాని అజెండాలో పెట్టండి. ఒక్క జాగ్రత్త: మే మొదటి వారంలో ప్రకటన వేస్తే రెండు నెలల గడువు జులైలో ముగుస్తుంది, తర్వాతి గ్రామసభ ఆగస్టు 15 దాకా లేదు. నవంబరు మొదటి వారంలో వేసినా అంతే, జనవరి 26 దాకా ఆగాలి. పైగా అది వానల కాలం. తేదీ ఎంచుకునేటప్పుడు ఇది చూసుకోమని మనవి. మహానగర ప్రణాళికా కమిటీలో మూడింట రెండొంతుల మందిని పురపాలక సభ్యులూ పంచాయతీ అధ్యక్షులూ తమలోంచి ఎన్నుకోవాలని రాజ్యాంగం 243జెడ్ఇ అధికరణం చెబుతోంది. పంచాయతీ ఇందులో బయటిది కాదు.

భాష గురించి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మనిషి తన గోడు అధికారికి రాసుకోవచ్చు. తెలుగులో వచ్చిన అభ్యంతరాన్ని తెలుగులో ఉందని పక్కన పెట్టొద్దని కింది కార్యాలయాలకు ఒక సర్క్యులర్ పంపండి. తమిళం మాకు పరాయి కాదు, బళ్ళో చదువుకున్నాం, బజారులో మాట్లాడతాం. కానీ పరీవాహక ప్రాంతం, పునర్వర్గీకరణ లాంటి మాటలు ఏ భాషలోనైనా కష్టమే. పొలం పోతుందా ఉంటుందా అన్న భయంలో ఉన్న మనిషికి అవి అమ్మ మాటలో వినపడాలి.

చివరిగా జవాబు సంగతి. ఇచ్చిన అర్జీ ఏమైందో తెలియకపోతే ఇంకోసారి ఎవరూ సభకు రారు. ప్రతి అభ్యంతరానికీ ఒక నంబరిచ్చి, సర్వే నంబరు పక్కన ఒప్పుకున్నారో లేదో, ఎందుకో రెండు వాక్యాలు రాసి, ప్రణాళికకు ఆమోదం ఇవ్వకముందే పంచాయతీ గోడకు అంటించండి. జాప్యం అవుతుందని అధికారులు అనవచ్చు. తెలంగాణలోని కామారెడ్డిలో 2023 జనవరిలో ఏమైందో మా తెలుగువాళ్ళెవరూ మరిచిపోలేదు. తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో ఉన్నాయని ముసాయిదా బయటికొచ్చాక తెలుసుకున్న రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి పురపాలక సంఘమే ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. బెంగళూరులో 2017లో బయటపెట్టిన ముసాయిదాను కూడా తర్వాత వెనక్కి తీసుకున్నారు, 2015 కోసమని 2007లో ఆమోదించిన ప్రణాళికతోనే నగరం ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చింది. ఊరూరా తిరగడానికి పట్టే ఆరు నెలలు వీటి పక్కన ఏపాటి?

మా తాలూకాలో పటం చదివి తెలుగులో విడమరిచి చెప్పగల చదువుకున్న పిల్లలు ఊరికి ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. వాళ్ళను కూర్చోబెట్టే పని నేనూ నాలాంటి మరికొందరూ చూసుకుంటాం. మాకు కావలసిందల్లా ఊరి పటం, సర్వే నంబర్ల జాబితా, సభ తేదీ. అవి ప్రచురణకు కనీసం నెల ముందు పంచాయతీ కార్యాలయానికి చేరేలా ఆదేశించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఊత్తుకోట తాలూకా రైతు కుటుంబీకుడు,
రెడ్‌హిల్స్, చెన్నై