నాలాకు ఇటూ అటూ ఉన్నది ఒకే ప్రభుత్వం: పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. ఔటర్ రింగు రోడ్డుకు ఆవల, రెండు స్థానిక సంస్థల హద్దు మీద ఉన్న ఒక కాలనీ సంక్షేమ సంఘం తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు రసీదులు తప్ప జవాబులు రాకపోవడం వల్లే ఇలా బహిరంగంగా రాయాల్సి వచ్చింది.

ఎగువ చెరువు మత్తడి దుంకితే ఆ నీరు మా పక్కనున్న నాలా గుండా దిగువ చెరువుకు చేరాలి. ఎగువ పురపాలికవారు తమ పరిధిలో నాలాను వెడల్పు చేసి, రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టి, సరిగ్గా హద్దు దగ్గర పని ఆపేశారు. అక్కడి నుంచి మా వైపు ఉన్నవి పాతకాలపు రెండు సిమెంటు గొట్టాలు మాత్రమే. గట్టి వాన పడిన రాత్రి ఆ వెడల్పాటి కాలువలో దూసుకొచ్చిన నీరంతా గొట్టాల ముందు సుడి తిరిగి మా వీధుల్లోకి మళ్లుతుంది. బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించి, ముసలివాళ్లను మేడ మీదికి చేర్చి, మురుగు కంపులో తెల్లవార్లూ మేలుకోవడం మాకు ఏటా తప్పడం లేదు. నీరు తీశాక గోడల మీద మోకాలెత్తున నల్లటి చార మిగులుతుంది, బోరు నీరు వారాల తరబడి వాసన కొడుతుంది. ఎగువవారిని అడిగితే తమ పని పూర్తయిందంటారు. అది నిజమే. మావాళ్లను అడిగితే వరద పైనుంచి వస్తోంది కాబట్టి ఖర్చూ పైవాళ్లే భరించాలంటారు. ఆ మాటనూ కొట్టిపారేయలేం. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టేవారే లేరు. పైగా కొత్త వెంచర్లు, ఇంటి పన్ను రాబడి పక్కవారికి పోతాయన్న భయంతో చెరువు శిఖాన్ని, అంటే చెరువు నీరు నిలిచే నేలను, కాపాడే విషయంలో గట్టిగా నిలబడడానికి ఇద్దరూ వెనుకాడుతున్నారు.

కంపెనీల కోసం బెంగళూరుతో, చెన్నైతో హైదరాబాద్ పోటీ పడటాన్ని మేం తప్పుపట్టడం లేదు. మా పిల్లల ఉద్యోగాలు ఆ పోటీలోనే ఉన్నాయి. కానీ మంజీరా చాలక కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి తెచ్చుకుంటున్న ఈ నగరం, వాడిన నీటిని మూసీలోకి వదిలి భువనగిరి, వలిగొండ వైపు పొలాలకు పంపుతోంది. నగర ప్రణాళిక గీసేటప్పుడు ఆ రైతుల మాట అడిగినవారెవరు?

74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 243జడ్ఈ అధికరణం మహానగర ప్రణాళికా కమిటీని ఏర్పాటు చేయాలంటోంది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది మునిసిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచి ఎన్నుకున్నవారే ఉండాలి. నీటి పంపకం వంటి ఉమ్మడి వ్యవహారాలను ఆ కమిటీ పట్టించుకోవాలి. మా గోడు చెప్పుకోవడానికి అచ్చంగా అలాంటి వేదికే కావాలి. 2008లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ)కు పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరిధి ఉన్నా, అది అధికారుల సంస్థే తప్ప ఊళ్లు కలిసి మాట్లాడుకునే చోటు కాదు. ఔటర్ వరకు ఉన్న పురపాలికలను జీహెచ్ఎంసీలో కలిపినా హద్దు ఇంకాస్త బయటికి జరిగిందే తప్ప చెరిగిపోలేదు. ఢిల్లీ చుట్టూ వేర్వేరు రాష్ట్రాలే 1985 నుంచి ఒక ప్రణాళికా మండలిలో కూర్చుంటున్నాయి. మీ ఒక్క శాఖ చొరవ చూపితే మన ఊళ్లు కూర్చోలేవా?

దయచేసి ఆ కమిటీని పేరుకు కాకుండా, నిధులతో, అధికారాలతో పనిచేయించండి. చెరువులను ఊరి హద్దులను బట్టి కాక ఒకదాని నీరు మరొకదానికి చేరే గొలుసుకట్టును బట్టి చూడమని ఆదేశించండి. అంతకన్నా ముందు, వానలు మొదలయ్యేలోపు ఇరువైపుల ఇంజినీర్లను ఆ గొట్టాల దగ్గరికి ఒకే రోజు పంపించి, మిగిలిన నాలా పని ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో మాకు లిఖితపూర్వకంగా తెలియజేయించండి.

భవదీయుడు,
కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి,
హైదరాబాద్ శివారు