మేనత్త జబ్బునూ రాసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్‌పై మీరు ప్రచురించిన వ్యాసం పరీక్షల గురించి బాగానే వివరించింది గానీ, వంశపారంపర్యం సంగతిని ఒక్క వాక్యంతో దాటేసింది. గణితం చదివి జన్యుశాస్త్రంలోకి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్, కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బుకు ఒకే జన్యువు కారణం కావచ్చంటే చాలామంది నమ్మని రోజుల్లో, ఏళ్ల తరబడి కుటుంబ చరిత్రలు సేకరించి, 23 కుటుంబాల్లోని 146 మంది రోగుల వివరాల ఆధారంగా ఆ జన్యువు 17వ క్రోమోజోముపై ఉందని 1990లో చూపారు. దాన్ని వేరుచేసిన ఘనత 1994లో మరో బృందానికి దక్కినా, నా దృష్టిలో అసలు కష్టం ఆ వంశవృక్షాలు గీయడంలోనే ఉంది.

బీఆర్‌సీఏ1 అని పిలిచే ఆ జన్యువులో లోపముంటే రొమ్ము క్యాన్సర్‌తో పాటు అండాశయ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. లోపమున్న ఆ జన్యువు తల్లి నుంచే కాదు, తండ్రి నుంచి కూడా బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం. అయినా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా బంధువుకిచ్చిన ఓపీ చీటీలో ‘కుటుంబంలో ఎవరికైనా’ అన్నచోట ‘లేదు’ అని రాశారు. అడిగింది అమ్మ తరఫు వారి గురించే కనుక, అండాశయ క్యాన్సర్‌తో చిన్న వయసులోనే పోయిన మేనత్త ఊసే రాలేదు. (సంబంధాలు చెడతాయన్న భయంతో మన ఇళ్లలో ఆ జబ్బు పేరు దాచడమూ ఒక కారణమే.) చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల నుంచి రోగులు వచ్చే తిరుపతిలో, ఇరువైపులా మూడు తరాల వివరాలు నమోదు చేసే జన్యు సలహాదారులను ప్రభుత్వం నియమించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి