మన మిఠాయి తయారీదారుల సంఘం వార్షిక నివేదిక: మిఠాయి రంగు, దాని తూకం

సభ్యులందరికీ నమస్కారం. సభ్యత్వాలు, లైసెన్సు గడువుల పనులు ఎప్పటిలాగే సాగాయి. ఈ ఏడు మన శ్రమంతా లడ్డూ, జిలేబీల్లో వేసే రంగు మీదే పెట్టాం.

తిండిలో వేయడానికి మన దేశంలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్ వాటిలోవే. మిఠాయిలో పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు; రెండు రంగులు కలిపినా మొత్తం అంతే. అంటే 10 కిలోల లడ్డూకు ఒక్క గ్రాము. ఈ లెక్క తయారైన సరుకు తూకం మీద, శనగపిండి తూకం మీద కాదు.

తప్పు జరిగేది చిటికెడు దగ్గర. ఎవరి చిటికెడు వారిదే. పైగా డబ్బాలో ఉన్నదంతా రంగు కాదు, ఉప్పో చక్కెరో కలిసి ఉంటుంది; అసలు రంగు శాతం లేబుల్ మీద చూడాలి. 20 శాతం ఉన్న డబ్బా అయితే 10 కిలోలకు 5 గ్రాములు సరి. 80 శాతం ఉన్న డబ్బా తెచ్చి అదే 5 గ్రాములు వేస్తే పరిమితికి నాలుగింతలు. గ్రాములో పదో వంతు చూపే చిన్న కాంటా మీద తూచి, నీళ్లలో పూర్తిగా కరిగించాకే పిండిలో కలపండి. పొడిగా చల్లితే ఉండకట్టి, రంగంతా ఒక్కచోటే దిగుతుంది.

జంతువుల మీద పరీక్షల్లో హాని కనిపించని మోతాదును సాధారణంగా 100తో భాగించి, మనిషి రోజూ తినదగిన హద్దు కడతారు. సన్‌సెట్ యెల్లోకు అది శరీర బరువు కిలోకు 4 మిల్లీగ్రాములు. 15 కిలోల పాపకు రోజుకు 60. పరిమితి పాటించిన 50 గ్రాముల లడ్డూలో ఉండేది 5. పదింతలు గుమ్మరిస్తే ఒక్క లడ్డూలోనే 50! మన దుకాణానికి ఎక్కువగా వచ్చేది పిల్లలే కదా.

తిండిలో అనుమతి లేని మెటానిల్ యెల్లో, రోడమిన్-బి రంగులు రవ్వంత కూడా వేయకూడదు. రోడమిన్-బి బయటపడ్డందుకే 2024లో తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది. చెర్వుగట్టు జాతరలో అంగడి పెట్టే సభ్యులు విడిగా పొట్లం కట్టిన రంగు కొనవద్దు. డబ్బా మీద రంగు పేరు, ఐఎన్ఎస్ సంఖ్య (తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), లైసెన్సు సంఖ్య, బ్యాచ్ ఉండాలి.

ఆహార భద్రత అధికారి నమూనా తీస్తే నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి విశ్లేషకుడికి, రెండు జిల్లా అధికారి దగ్గరికి వెళ్తాయి. నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబుకు పంపమని మనమే అడగాలి. విశ్లేషకుడి నివేదికతో ఏకీభవించకపోతే అప్పీలుకు గడువు 30 రోజులు. అందుకే రంగు కొన్న బిల్లు, ఖాళీ డబ్బా పారేయకండి.